మైపాడు రూటు

అరకులో పొగమంచు ఊపిరితిత్తుల దాకా దిగింది.
హంపిలో బండరాళ్లు నాతోపాటు రొప్పాయి.
పుదుచ్చేరిలో, ముప్పయ్యో కిలోమీటరు దగ్గర,
ఎవరో ముసలాయన
తను తింటున్న అరటిపండు సగం తుంచి నా చేతిలో పెట్టాడు.
ఏడాదికొకటి. ఉన్న సెలవులన్నీ దానికే.
స్లీపర్ బెర్తు, తడి బూట్లలో కుక్కిన పాత పేపరు,
తిరిగొచ్చాక రెండు రోజులు
మెట్లు వెనక్కి తిరిగి దిగడం.

ఈసారి పరుగు మా రూటులోనే అన్నారు.
మైపాడు సముద్రం నుంచి నెల్లూరు పొలిమేర దాకా,
అక్కడ మలుపు తిరిగి మళ్లీ సముద్రానికి.
కరపత్రంలో "సుందరమైన దారి" అని వేశారు.
పదకొండేళ్లుగా ఈ దారిలో టికెట్లు కొడుతున్నాను,
నాకెవరూ చెప్పలేదు.

చీకట్లో నిలబడ్డాం.
చెన్నై వాళ్లు కనబడని సముద్రానికి వీపు పెట్టి
ఫోటోలు దిగుతున్నారు.
నా రొమ్ము మీద నాలుగు పిన్నీసులతో
పదకొండు వందల నలభై ఏడు.
ఈ రూటులో నేను డబ్బిచ్చి కొన్న మొదటి టికెట్టు.
బ్యాగు లేదు.
భుజం మీద బ్యాగు కోసిన గాడి మాత్రం నాతో వచ్చింది.
విజిల్ ఊదగానే నోట్లోంచి
"రైట్ రైట్" అని జారింది.
పక్కనున్న కుర్రాడు నవ్వాడు.

ఇందుకూరుపేట సెంటర్లో, టీ బంకు బల్బు కింద,
రావణమ్మ. ఎండుచేపల గంప దించుకుని మొదటి బస్సు కోసం.
గంపకు లగేజీ కట్టమంటే రోజూ నాతో పేచీ.
"ఎమ్మే కండక్టరమ్మా, బస్సు తప్పిపోయిందా యేంది,
ఎంటబడి పోతుండావు?"
ఆగలేదు. ఆగితే మోకాళ్లు ఒప్పుకోవు.
"ఎండెక్కక ముందే మళ్లుకో!"
ఆమె గొంతు ఒక స్టేజీ దాకా వచ్చింది.

తెల్లారింది.
బస్సులో నాకు దారి కనబడదు.
చేతులు కనబడతాయి, మడత నోట్లు, ఆధార్ కార్డులు,
చిల్లర లేదనే మొహాలు.
ఇవాళ పొట్టకొచ్చిన వరి కనబడింది.
రొయ్యల గుంటల్లో చక్రాలు నీళ్లు చిలుకుతున్నాయి,
గుంటకో తెల్లటి చప్పుడు.
సరుగుడు తోపులో గాలి,
ఎవరో చాటలో బియ్యం చెరుగుతున్నట్టు.

పోయేటప్పుడు వీపు మీద ఎండ.
వచ్చేటప్పుడు మొహం మీద.

ముప్పై రెండు దగ్గర గోడ ఉంటుందంటారు.
నాకు బస్సు వచ్చింది.
మా డిపోదే. పరుగాపిన వాళ్లను ఎక్కించుకునే బస్సు.
అది దాటిపోతే ఇక లెక్కలో లేనట్టే.
మస్తానయ్య డ్యూటీ అని వెనక్కి చూడకుండానే తెలిసింది.
ఆ గేరు మూలుగు నిద్రలోనూ పోల్చుకుంటాను.
నా పక్కకొచ్చి నా నడకకు తగ్గించాడు.
కిటికీల దగ్గర కళ్లు మూసుకుని ముగ్గురు చెన్నై వాళ్లు.
తలుపు పక్క నా సీటు ఖాళీ.
మస్తానయ్య ఏమీ అనలేదు. హారన్ కూడా కొట్టలేదు.

"ఎక్కండి, ఎక్కండి, తొందరగా కానీండి"
ఎన్ని వేల సార్లు అన్నానో ఆ మెట్టు మీద నిలబడి.
కింది నుంచి చూస్తే ఇంత ఎత్తా అది?
అరిగిన మోకాళ్లతో, గంపతో,
రావణమ్మ రోజూ ఎట్లా ఎక్కుతోంది?

బస్సు రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాను.
మస్తానయ్య గేరు మార్చాడు.
దుమ్ములో నేనొక్కదాన్నే మిగిలాను.

కాలవ వంతెన ఎక్కేటప్పుడు నడిచాను.
దిగేటప్పుడు పరిగెత్తానని చెప్పుకుంటాను.
సముద్రం దగ్గర ఆర్చిలోంచి గాలి తీసేస్తున్నారు.
అది ఇసక మీద మడతలు పడుతోంటే
వంగి, దాని కింద నుంచి దూరి,
అవతలకి పోయాను.

సోమవారం, మొదటి ట్రిప్పు.
ఇందుకూరుపేటలో మెట్టు దిగి
గంప నేనే అందుకున్నాను.
రావణమ్మ నా కుంటి నడక చూసి ఏమీ అడగలేదు.
లగేజీ టికెట్టు మాత్రం కొట్టాను.
పేచీ పెట్టుకుంది.