ఎనిమిదో గూటం

నర్సంపేట దాటినంక సిగ్నల్ పోయింది.
పాకాల కట్టకు ఇవతల, పూసిన మోదుగుల నడుమ
డేరా సంచి విప్పినం.
ఏడే మేకులు. ఎనిమిదోది హన్మకొండ గదిలనే,
మంచం కింద, నీ కోపం పక్కన.

మొరం నేల.
రాయితో కొడితే మేకే వంగింది.

మిర్చి కల్లం కాడికెల్లి కొమురెల్లి వచ్చిండు,
చేతిల గొడ్డలి, భుజం మీద తువ్వాల.
"గీ బట్ట ఇల్లు ఎంతవడ్డది?"
నాలుగు వేలన్నం.
నవ్వలేదు. అంచును రెండు వేళ్ళతోటి నలిపి చూసిండు,
పత్తి పింజె చూసినట్టు.
"నెలరోజుల సంది మేము గూడ గిట్లనే పంటున్నం,
కాయ ఎవడన్న ఎత్కపోతడని.
మీరు దేనికి కావలి?"

చెప్పలేకపోయినం.
తుమ్మకొమ్మ చెక్కి
ఎనిమిదో తాడుకు గూటం దిగ్గొట్టి పోయిండు.

రాత్రి గాలికి డేరా ఊపిరి పీల్చుకుంట, వదులుకుంట.
మిర్చి ఘాటుకు నువ్వు తుమ్మినవ్.
"నూరేండ్లు" అనేసిన, అలవాటుగ.
పదిరోజుల్ల మన నడుమ
అదే తొలి మాట.

దూరంగ, కల్లంల, టార్చిలైటొకటి
మన దిక్కు తిరిగి
ఉన్నరా అన్నట్టు ఆగి
ఆరిపోయింది.