అరమర

కారకోల్ ఆదివారం సంతలో
గొర్రెలు దాటి, పాత టైర్లు దాటి
తార్పాలిన్ మీద వల దులిపిన చేపల్లా ఇనుప ముక్కలు.
దేని జత ఎక్కడుందో దానికే తెలీదు.

స్కీలు నాకున్నాయి.
క్యాంటీన్ బాకీ కింద అల్మాటీ కుర్రాడొకడు వదిలేసి పోయినవి,
బైండింగులు పీకేసుకుని మరీ.
నాక్కావలసింది బూటును పట్టుకునే ఆ దవడలు.

"ఆస్ట్రియావి అక్కా, తొంభై నాలుగువి"
తను పుట్టకముందు సంగతి
కళ్ళారా చూసినట్టే చెప్పాడు అమ్మేవాడు.
మడమ ముక్క కింద ఎవరో మేకుతో గీసుకున్న పేరు, ట్రౌడల్.
పక్కన చిన్న కిటికీలో అంకె, ఐదు.
ఆవిడ బరువూ ధైర్యమూ కలిపి
ఆ ఐదులో ఇమిడి ఉన్నాయట.
పన్నెండొందల సోములన్నాడు.
ఏడొందల దగ్గర ఇద్దరం అలిసిపోయాం.

కొండ కింద దుకాణం వాళ్ళు ముట్టుకోలేదు.
"ఈ మోడల్ మా పట్టికలో లేదు.
రేపు నీ కాలు విరిగితే మా మెడకు చుట్టుకుంటుంది."

అందుకని సబిర్‌బెక్ షెడ్డుకు.
ఒకప్పుడు పాల ఫ్యాక్టరీ యంత్రాలు చూసేవాడు.
పుచ్చు ఆపిల్ని అనుమానించినట్టు
దీపం కింద తిప్పి తిప్పి చూశాడు.
గోటితో ప్లాస్టిక్ గీరాడు.
స్ప్రింగు వదులు చేసి, బిగించి, వదులు చేసి
చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.
"ముసలిదే. చెవిటిది కాదు."

పాత కన్నాల్లో జిగురు, జిగురులో చెక్క మేకులు.
డ్రిల్లు ముల్లుకు ఎర్ర టేపు చుట్టాడు,
అది దాటి వెంట్రుకంత లోతు కూడా వద్దని.
బూటు ముందు అంచు కింద బస్సు టికెట్టు దూర్చి లాగాడు.
చిరగకూడదు, ఊరికే రాకూడదు,
కాస్త మొరాయించి రావాలి.
"మా ఆయన చేతిలోంచి జీతం వచ్చినట్టా?" అన్నాను.
నవ్వలేదు. టికెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వయసు?"
"నలభై మూడు."
"స్కీ ఎన్నాళ్ళ నుంచి?"
"ఇరవై ఏళ్ళుగా స్కీ వాళ్ళకి సూప్ పోస్తున్నాను.
ఎక్కడం ఈ చలికాలమే."
"బరువు?"
పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది.
"అరవై."
నా కోటు వైపోసారి చూశాడు. రాసుకున్నాడు.
కిటికీలో ఐదు కరిగి నాలుగైంది.

"కట్టు బిగువెక్కువైతే పడ్డప్పుడు వదలదు.
అప్పుడు నీ కాలికి ఇంకో కట్టు, ఆసుపత్రిలో.
వదులెక్కువైతే పడకముందే వదిలేస్తుంది.
అప్పుడు పడతావు."
బూటు తొడిగించి, నన్ను నిలబెట్టి
పక్కనుంచి అరచేత్తో ఒక్కటిచ్చాడు.
టక్.
ఆ చప్పుడు కోసం నాలుగుసార్లు కొట్టించుకున్నాను.

మూడో రోజు,
బడిపిల్లలు కబుర్లాడుకుంటూ జారే వాలులో,
భయపడటానికి ఏమీ లేని మలుపులో
ఎడమ స్కీ నన్ను వదిలేసి తన దారిన పోయింది.
పది గజాల అవతల బ్రేకు కాళ్ళు మంచులో దిగేసి ఆగింది,
నిజం చెప్పేదాకా రానన్నట్టు.
క్యాంటీన్ గుమ్మంలోంచి ఐతుర్గన్ గరిటె ఊపింది.
పలకరింపో వెక్కిరింపో,
అంత దూరం నుంచి గరిటె ఒకలాగే ఉంటుంది.

సాయంత్రం రెండు స్కీలూ ఆయన బల్ల మీద పెట్టి
పొయ్యికేసి చూస్తూ "అరవై ఎనిమిది" అన్నాను.
ఆయన ఏమీ అనలేదు.
"డెబ్బై."
"నువ్వు చెప్పినదానికి నాలుగు కలిపే పెట్టాను.
ఆడవాళ్ళు నాలుగు దాస్తారు,
మగవాళ్ళు లేని ధైర్యం కలుపుతారు.
పది ఎవరు దాస్తారమ్మా?"

స్క్రూడ్రైవరు తీశాడు.
ఎడమదానికి అర మర,
కుడిదానికి అర మర.
ఇక మా మధ్య అరమరికల్లేవు.

కిటికీలో అంకె బద్ధకంగా కదిలి
మళ్ళీ ఐదు దగ్గర ఆగింది,
ట్రౌడల్ వదిలి వెళ్ళిన చోట.

ఆవిడైనా
మొదటిసారే నిజం చెప్పి ఉంటుందా?