నలభై మీటర్లు

మా ఇంటి ముందు రోడ్డు మీద
నలభై మీటర్ల మంచు ఎందుకు మిగిలిపోతోందని
సూపర్‌వైజర్ ఆర్వో మొన్న అడిగాడు.
బ్లేడు మొద్దుబారిందన్నాను.
అబద్ధం.

ఇవాలోలో ఇప్పుడు సూర్యుడు లేడు.
డిసెంబర్ మొదట్లో వెళ్ళినవాడు
జనవరి రెండో వారం దాకా రాడు.
పిల్లలు నిద్రలోనే పెరుగుతారని డాక్టరమ్మ అన్నప్పుడు
నిజం చెప్పొద్దూ, సంతోషించాను.
నిద్రకేం కొదవ?
ఇక్కడ రాత్రంటే నెల పొడవు.

తార్మోకి పదకొండేళ్ళు.
తలుపు చెక్క మీది పెన్సిలు గీతల్లో వాడివి
వేలు దూరే సందైనా లేకుండా
ఒకదాని భుజమ్మీద ఒకటెక్కి కూర్చున్నాయి.
చెల్లెలు సైమావి నిచ్చెన మెట్లలా, ఎడంఎడంగా.
ఆకులు రాలే రోజుల్లో అది అన్నని దాటింది.
అప్పట్నించి ఇంట్లో కాస్త వంగి నడుస్తోంది.
ఎవరూ చెప్పలేదు దానికి.

రోడ్డు పక్కన మంచు కొలిచే కర్రలు పాతేది నేనే.
ఒక్క రాత్రికి పద్దెనిమిది సెంటీమీటర్లు,
పుస్తకంలో రాసుకుంటాను.
వాడు ఏడాదికి రెండు.
అదీ, గీసేటప్పుడు మా ఆవిడ ఇర్యా
పెన్సిల్ని కొంచెం పైకి వంచితే.

"హార్మోను లేక కాదు" అంది డాక్టరమ్మ రొవానియెమిలో.
"ఉంది. కావలసినంత ఉంది.
ఒళ్ళే దాని మాట వినడం లేదు.
కిడ్నీలు బయటికి పంపలేనిదంతా
మధ్యలో అడ్డం పడుతోంది."
మూడొందల కిలోమీటర్లు తిరిగొస్తూ
నాకు చేతనైనట్టు అర్థం చేసుకున్నాను:
తలుపు కొడుతూనే ఉన్నారు,
లోపలివాళ్ళకి వినపడటం లేదు.
అందుకని ఇంకా గట్టిగా కొట్టాలి.
రాత్రికో సూది. ఇవాళ కుడి తొడ, రేపు ఎడమ.

తొమ్మిదింటికి ఇర్యా గొట్టం బిగిస్తుంది.
మంచం పక్కన డయాలిసిస్ మిషను
పొద్దుటిదాకా వాడి కడుపులో నీళ్ళు నింపుతుంది, తోడుతుంది,
ముసలి కుక్కలా మధ్యమధ్య నిట్టూరుస్తుంది.

ఆ సూదిమందు మహా సుకుమారం.
వేడి పడదు, గడ్డకడితే చచ్చిపోతుంది.
బయట మైనస్ ముప్ఫై ఒకటి.
వెచ్చగా ఉండాలని ఫ్రిజ్జులో పెట్టుకునే వస్తువు
మా ఇంట్లో అదొక్కటే.

కిందటి ఫిబ్రవరిలో ఆ పెట్టెని లారీలో మర్చిపోయాను.
తెల్లారి చూస్తే రాయి.
అరచేతుల మధ్య పెట్టి కరిగించాను.
మళ్ళీ అదే తేటదనం, వెంట్రుకవాసి తేడా లేదు.
చెప్పకపోతే ఎవరికీ తెలీదు.
వంటింట్లో దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
చెప్పాను.
ఇర్యా ఏమీ అనలేదు.
రెండు రోజులు ఏమీ అనలేదు.
ఇప్పుడు పెట్టె తెస్తే చొక్కా లోపల,
పొట్టకి ఆనించుకుని తెస్తాను.

తార్మోకి ఈ గొడవంతా విసుగు.
వాడి ధ్యాస నా లారీ మీద.
"పెడల్స్ అందాలంటే ఎంత పొడుగుండాలి?"
సీటు ముందుకి జరుపుకోవచ్చురా అన్నాను.
"ఎంత జరుగుతుంది?"
ఇద్దరం టేపు పట్టుకుని షెడ్డులో కొలిచాం.
పద్నాలుగు సెంటీమీటర్లు.
చెరిగిపోకుండా అరచేతి మీద రాసుకున్నాడు,
ఆ రాత్రి చెయ్యి కడుక్కోనని పేచీ పెట్టాడు.

మూడున్నరకి మా వీధిలోకి తిప్పుతాను.
ఉక్కు రోడ్డుని గీరితే ఆ చప్పుడు
పళ్ళల్లోకి ఎలా దిగుతుందో నాకు తెలుసు.
మా పోస్టుడబ్బా దగ్గర బ్లేడు పైకెత్తి,
లైట్లు తగ్గించి,
దొంగలా పోతాను నా ఇంటి ముందు నుంచే.
కిటికీలో మిషను పచ్చలైటు.
దాని వెనక, మాట వినని ఆ చిన్న ఒంట్లో
ఎవరో ఇంకా తలుపు కొడుతుంటారు.
ఇంకో చప్పుడెందుకు?
పక్కింటి రౌనీ కంచె దాటాక మళ్ళీ దింపుతాను.

నిన్న ఆర్వో కొత్త బ్లేడు వేయించాడు.
చాలా పదునుగా ఉంది.
ఇవాళ కూడా నలభై మీటర్లు మిగిలింది.