తాజా

తగ్బిలరాన్ బజారులో చేపలమ్మే నలుగురు ఆడవాళ్ళు
నా పడవ మొత్తాన్నీ ఒక రోజుకి మాట్లాడుకున్నారు.
మామూలుగా అది కొరియా జంటలకీ, జర్మన్ కుటుంబాలకీ
పూటల లెక్కన పోయే పడవ.
రెండు పక్కలా వెదురు రెక్కలు, మధ్యలో నీలం టార్పాలిన్ నీడ,
మూతి మీద మా ఆవిడ పేరు, సగం చెరిగి.

చీటీ డబ్బులట.
పదకొండు నెలలు కట్టాక పూరింగ్ వంతు వస్తే
ఐసు పెట్టె కొనుక్కోమన్నారట అందరూ.
"ఐసు పెట్టెలో పుట్టానా ఏంటి నేను" అని
తిన్నగా నా దగ్గరికొచ్చింది.
బేరం ఎలా ఆడిందనుకున్నారు!
నా మొప్పలెత్తి చూసింది,
కంటిమీద వేలేసి నొక్కింది,
డీజిలు పోను మూడొందల పెసోలు మిగిలేదాకా దించి వదిలింది.

తెల్లారి ఆరింటికి ఎక్కారు.
అరటాకుల్లో కట్టిన అన్నం, ఎండు చేపల మూట.
సముద్రం మీదకి ఎండు చేపలేంటంటే
"సెలవు రోజున పచ్చి చేప మొహం ఎవరు చూస్తారు" అంది లియోనిలా.
గంటసేపు నా ఇంజను చప్పుడు నాకే వినపడలేదు.

పగడాల దిబ్బ దగ్గర లంగరేశాను.
అడుగున ఇసుక మీద పడవ నీడ
మా అందరి తలలతో సహా కదులుతోంది.
రోజూ చెప్పే పాఠమే చెప్పాను:
అద్దానికి ఉమ్మి రుద్దండి, మసక పట్టదు.
గొట్టం పళ్ళతో పట్టండి, ఊపిరి నోటితోనే.
పగడం మీద కాలు పెట్టొద్దు.
ఈ తెల్లటి ఇసుక చాలామటుకు
చిలుక చేపలు పగడం కొరికి, అరిగించుకుని, వదిలిందే.
ఇక్కడ విదేశీయులు నోరు తెరుస్తారు.
వీళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.
"అయితే హోటళ్ళవాళ్ళు పరుపులేసి అమ్ముకుంటున్నది దాన్నా!"

ఈత బట్టలు ఎవరికీ లేవు.
ఎన్నికలప్పుడు పంచిన టీషర్టులతోనే దూకారు.
ఓడిపోయిన మేయరు అభ్యర్థి
ముగ్గురి వీపుల మీదా ఉబ్బి, తేలి,
గెలిచినట్టే నవ్వుతున్నాడు.

బసిలీసా మాత్రం నిచ్చెన మెట్టు మీదే.
అరవై రెండేళ్ళు.
అలల చప్పుడులో పుట్టి, మోకాలు దాటి తడవని మనిషి.
మొగుడు సముద్రానికెళ్ళేవాడు,
తను బజారుకెళ్ళేది,
ఇద్దరికీ మధ్య ఒక బుట్ట.
"చూసిందేగా అంతా, కిలోల లెక్కన" అంటూనే
టైరు ట్యూబు పట్టుకుని దిగింది.
తాడు నా చేతిలో.
మొహం నీళ్ళలో పెట్టింది.

ఎత్తదే!
గొట్టంలోంచి ఊపిరి వస్తోంది, పోతోంది,
జలుబు చేసిన పసిపిల్ల నిద్రలా.
తాడు కదిపాను. చెయ్యి వెనక్కి విదిలించింది, ఉండరా అన్నట్టు.
కింద ఏముందో నాకు తెలుసు.
ఆకుపచ్చ మీద గులాబీ, గులాబీ అంచున నీలం,
పగడాన్ని పటికబెల్లంలా కొరుకుతుంటే
ఆ కరకర చెవిలో వినపడుతుంది కూడా.

పైకొచ్చి అద్దం నుదుటి మీదకి తోసుకుంది.
కళ్ళ చుట్టూ రబ్బరు అచ్చు.
ఏం చూశావే, ఏం చూశావే, అని ముగ్గురూ.
చాలాసేపటికి అంది:
"దాని రంగు అదా?"
ఇంకాసేపటికి:
"నలభై ఏళ్ళుగా తాజా తాజా అని అరుస్తున్నాను.
ఇంత అబద్ధమా."

పూరింగ్ నవ్వబోయి మధ్యలో ఆగింది.
అన్నం పొట్లాలు విప్పారు.
ఎండు చేప నాకూ ఒకటి పెట్టారు.
తిరుగు దారంతా బసిలీసా పడవ అంచున కూర్చుని
అరచేతుల్లో పాత గాట్లు,
ముళ్ళవి, కత్తివి, నీళ్ళకి నాని తెల్లబడ్డవి,
చూసుకుంటూనే ఉంది.

మర్నాడు చేప కోసం బజారుకెళ్ళాను.
అదే బల్ల, అదే కత్తి, అదే ఐసు కారి తడిసిన నేల.
చిలుక చేపలు బూడిదరంగులో వరసగా.
రేటు ఒక్క పెసో దించలేదు.
"తా..." అని మొదలెట్టి నన్ను చూసింది,
నోరు మూసుకుంది,
త్రాసులో ఇంకో చిన్న చేప పడేసి
"పో, పోరా ఇక్కణ్ణించి" అంది.