పావు తిప్పు

ఓస్ట్రావాలో సముద్రం లేదు.
ఉన్నదల్లా పళ్ళ డాక్టరు గారి వెయిటింగ్ హాల్లో
ఆరువందల లీటర్లు.
అదీ బస్తా ఉప్పు తూచి మేం కలుపుకున్నదే.

పైన నారింజ చేపలు, పగడాలు, నీలం లైటు.
కింద, బీరువా తలుపు తీసి
మోకాళ్ళ మీద కూలబడితేగాని కనపడదు స్కిమ్మర్.
ఒక గొట్టం, దానికో సన్నని మెడ, మెడ మీద గిన్నె.
లోపల బుడగలు రాత్రీపగలూ చిలుకుతుంటాయి
కవ్వం లేకుండా.
వెన్నకి బదులు మురికి తేలుతుంది.

వ్లాస్టిమిల్ ముప్ఫై ఒక్క ఏళ్ళు బొగ్గు గనిలో చేసి
ఇప్పుడు చేపలకి నీళ్ళు పడుతున్నాడు.
మొదటి రోజు నాకు చెప్పిన పాఠం ఇంతే:
"ఇవోనా, వాల్వు పావు తిప్పు.
రేపటిదాకా మళ్ళీ ముట్టుకోకు."

ముట్టుకున్నాను.

బిగించేసరికి గొట్టంలో నీళ్ళు పైకెక్కాయి,
నురగ మెడ దాటింది, గిన్నె పొంగింది,
పలచని టీ రంగు నీళ్ళు తివాచీ మీద నడిచాయి.
టోకెను పట్టుకున్న ముసలావిడ
చెంప వాపు మరిచిపోయి కాళ్ళు పైకెత్తి కూచుంది.
తడి నురగ అంటే అది.
కోపంలో ఇల్లు ఊడ్చేవాడు
చెత్తతోపాటు చెప్పులూ బయట పారేసినట్టు
ఉప్పునీ మంచి నీళ్ళనీ కూడా ఊడ్చుకుపోతుంది.

హడలిపోయి మరీ వదులు చేశాను.
మూడు రోజులకి గిన్నె అడుగున ఒక్క చెంచాడు,
తారు లాంటిది.
కంపు సంగతి అడక్కండి.
మెడ లోపల పేరుకున్న జిడ్డు మీద
వేలితో పేరు రాసుకోవచ్చు.
ఎంత చిక్కగా తీస్తోందో చూడు, అని మురిశాను.
ఆయన గిన్నె వెలుతురుకి పట్టి చూసి
"వచ్చింది చూసి మురవకు,
రాకుండా నీళ్ళలోనే ఉండిపోయింది లెక్కెయ్యి" అన్నాడు.

ఇంకోసారి, దొర్లిన రాయిని నిలబెడదామని
మోచేతిదాకా చెయ్యి ముంచాను.
కాసేపటికే నురగంతా చచ్చిపోయింది.
గొట్టంలో ఉత్త నీళ్ళు, నిద్రమొహం బుడగలు.
నా వేళ్ళు వాల్వు వెతుక్కుంటుంటే
మణికట్టు పట్టుకుని ఆపాడు.
"నీ చర్మం మీది నూనె అది. యంత్రం తప్పేం లేదు.
నువ్వొచ్చి వెళ్ళావని దానికి తెలిసింది,
మరిచిపోనీ."
సాయంత్రానికి మరిచిపోయింది.

ఫిబ్రవరిలో ఆయన్ని ఆసుపత్రిలో పడుకోబెట్టారు.
కిటికీలోంచి పాత ఉక్కు కొలిమి, దాని మీద మంచు.
చిన్న వయసు డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తకుండా
"తడి దగ్గా, పొడి దగ్గా?" అని అడిగింది.
ఆయన నా వంక చూశాడు.
ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది,
నాది నవ్వుగానే ఆగింది,
ఆయనది దగ్గులోకి తిరిగి
చాలాసేపు బయటికి రాలేదు.
తరువాత కాగితం గ్లాసు నాకు కనపడకుండా
దుప్పటి కిందికి జరిపాడు.
నేను చూడనే చూశాను.
గని మూసి ఇన్నేళ్ళయినా
ఛాతీ ఇంకా బొగ్గు తవ్వుతూనే ఉంది.

ఊపిరి అందాక అడిగాడు:
"గిన్నె ఏ రంగు?"
పాత తేనె రంగు, అన్నాను.
"ఎంత?"
రోజుకి రెండు వేళ్ళ మందం.
"మెడ తుడిచావా?"
నిన్ననే.
కళ్ళు మూసుకుని బొటనవేలూ చూపుడువేలూ కలిపి
గాలిలో దేన్నో కొంచెం తిప్పబోయి
ఆగిపోయాడు.
"ఉండనీ. అలాగే ఉండనీ."

ఇవాళ సోమవారం, క్లినిక్ ఇంకా తెరవలేదు.
ఆసుపత్రి నుంచి ఫోను రాలేదు.
బీరువా ముందు మోకాళ్ళ మీద ఉన్నాను.
నురగ మెడ సగందాకా ఎక్కి
అక్కడే ఊగుతోంది.
చెయ్యి దానంతటదే వాల్వు దగ్గరికి పోయింది.
తీసి జేబులో పెట్టుకున్నాను,
పైన చేపలు మేత కోసం అద్దానికి మూతులు కొడుతుంటే.