ఖాళీ బండి చప్పుడు

పోయేటప్పుడు వినబడలేదు.
పోయేటప్పుడు నా మారుతికి వెనక సీటు ఉండదు.
సీటు తీసేసిన చోట డేక్సాలు, చెంబులు, గంజి మూకుళ్లు
ఒకదాన్నొకటి గుద్దుకుంటూ
ఘాటీ పొడుగునా నా తరఫున మాట్లాడతాయి.

ఆ బుధవారం టికిరి సంతలో అన్నీ పోయాయి.
జీడిపిక్కల డబ్బు చేతుల్లో ఆడుతున్న రోజులు.
మిగిలింది నొక్కుపడ్డ పళ్లెం ఒక్కటే.

తిరుగుదారిలో, కుడికి తిరిగిన ప్రతి మలుపులో,
ఎడమ చక్రం దగ్గర
ఎవరో వేయించిన చింతపిక్కలు కొరుకుతున్నారు.
టక్. టక్ టక్.
తిన్నగా పోతే లేదు.
ఎడమకి తిప్పితే లేదు.
కుడికి, మళ్లీ.
ఎన్నాళ్లుగా ఉందో.
బేరం లేని రోజుల్లో
గిన్నెలే దాన్ని కప్పిపెట్టాయేమో.
అన్నీ అమ్ముడుపోయిన రోజే రోగం బయటపడింది.

రాయగడ రైల్వే గేటు దాటాక దండాసి షెడ్డు.
"అపా, స్టీరింగు కుడికంటా కోసీ.
గుండ్రంగా తిప్పు, మెల్లగా" అన్నాడు.
గానుగెద్దులా మూడు చుట్లు తిరిగాను.
అతను నడుం వంచి చక్రం పక్కనే నడిచాడు,
చెవి దానికి అప్పగించి, కళ్లు మూసుకుని.
"సాలు. దిగు."

"బూటు సిరిగిపోనాది సూడు.
గ్రీజంతా ఎగిరిపోయి
లోపల జాయింటు మట్టి తింటన్నాది."
రబ్బరు తిత్తిలో వేలు పెట్టి తీశాడు.
ఎర్రటి కాశీపూర్ దుమ్ము, నల్లటి జిడ్డు,
రాగి అంబలిలా.

పానాకి పైపు తొడిగి, దాని మీద
రెండు కాళ్లతో నిలబడి ఊగాడు సుకురు.
నట్టు రాలేదు.
ఇంకొంచెం పొడుగు పైపు.
మూడోసారి, కీచుమని, వచ్చింది.
షాఫ్టు లాగుతుంటే గేరుబాక్సు నుంచి ఆయిలు,
"పట్టడానికేదైనా ఉందా అపా?"
నొక్కుపడ్డ పళ్లెం తెచ్చి పెట్టాను.
సంతంతా కాదన్న సరుకు అలా పనికొచ్చింది.

కొత్త షాఫ్టు మొత్తంగా అయితే నాలుగు వేలు.
విజయనగరం తుక్కులో పాతది పదిహేను వందలు,
"దాని కడుపులో ఏటుందో దానికే తెల్దు."
జాయింటొకటే మారిస్తే, బూటూ గ్రీజూ కలిపి,
పంతొమ్మిది వందలు.
ధర చెప్పి పక్కకి చూశాడు.
ఆ చూపు నాకు తెలుసు,
మూడొందలు తగ్గించే ముందు నేనూ అలాగే చూస్తాను.
అడిగాను.
తగ్గలేదు.

పాత షాఫ్టుని ఒళ్లో పెట్టుకుని
మోకాలు మడిచినట్టు మడిచి చూపించాడు.
"ఒంగాల. ఒంగినా తిరగాల. అదీ దీని పని."
అంతలోనే సుకురుకి కువిలో సుత్తి అడిగి,
ఫోనులో షాపువాడితో ఒడియాలో పోట్లాడి,
నా వైపు తిరిగి తెలుగులో టీ తాగుతావా అన్నాడు.

కిరసనాయిలులో కడిగి ఆరు గుళ్లు నా అరచేతిలో పోశాడు.
ఐదు పరవాలేదు.
ఆరోది పుచ్చిన కందిగింజ.
స్టీలు నా కూడు. బొటనవేలితో తడిమితే చాలు,
మందం చెప్తాను, మోసం ఎక్కడుందో చెప్తాను.
ఇందులో మోసం లేదు.
ఇరవై ఆరేళ్లు తిరిగింది, అంతే.
"పారేయకు, నాకియ్యి" అన్నాను.

మళ్లీ బుధవారం.
గిన్నెలో ఆ గుండు జారవిడిస్తే
ఖంగుమంటుంది, మందమైతే. రేకైతే చెప్పేస్తుంది.
జనం చేరారు.
ముక్కుకి మూడు పోగుల పెద్దావిడ ఒకామె
తానే తీసుకుని మూడుసార్లు జారవిడిచి,
తల వంచి విని, నవ్వి,
గిన్నె వద్దంది.
గుండు ఎంత అంది.
ఇవ్వలేదు. ఇప్పటికీ అనుకుంటాను, ఇచ్చేయాల్సింది.

చీకటి పడుతుండగా ఘాటీ దిగుతున్నాను.
ఖాళీ బండి. కుడి మలుపు. నిశ్శబ్దం.
రెండో కుడి మలుపు. నిశ్శబ్దం.
మూడోది,
టక్.

బండాపి దిగి, సెల్లు వెలుగులో
చక్రం వెనక్కి తొంగిచూశాను.
బూటు కొత్త నలుపు. చుక్క గ్రీజు కారలేదు.
దండాసిని నాలుగు మాటలు అనేసుకున్నాక
వెనకకి వెలుగు తిప్పాను.
మళ్లీ అమ్ముడుపోని పళ్లెం,
దాని నొక్కులో ఒదిగి
ఆరో గుండు.

తీసి కొంగున ముడేసుకోవచ్చు.
వేసుకోలేదు.
ఇంకా పదకొండు మలుపులున్నాయి.