కిల్త్రా

పగలు నేను బిగించే టైరు
నాకు రెండింతల ఎత్తు.
కలామా రాగి గనిలో
ఒక్కో నట్టూ నా పిడికిలంత.
జాకీ పక్కన నిలబడితే
ఆ లారీకి నేనొక దోమని.

రాత్రి వంటగది బల్ల మీద
అరచేతిలో పట్టే నాలుగు టైర్లు.
ఇక్కడ నట్టు జారితే
మోకాళ్ళ మీద పాకుతూ వెతకాలి.
ఒకసారి పంచదార డబ్బాలో దొరికింది.

చాసీ ఎర్నాల్దోది.
ఆయన పోయాక వాళ్ళావిడే తెచ్చిచ్చింది.
"తీసుకో యస్నా, దీన్ని చూస్తే
ఆయన తిట్లన్నీ వినబడుతున్నాయి" అంది.
అడుగున అన్నీ గీతలు.
ఏ రాయి ఏ ఆదివారం గీసిందో
ఆయనే చెప్పాలి.

షాకులు ఇకీకే సంతలో
కిలోల లెక్కన కొన్న తుక్కులోవి.
లోపలి నూనె ఏనాడో కారిపోయింది.
కొత్తది పోసి, పైకీ కిందకీ మెల్లగా నొక్కుతూ
బుడగలన్నీ తేలేదాకా కూర్చున్నా,
పసిబిడ్డకి తేన్పు తెప్పిస్తున్నట్టు.

మోటారు డ్రిల్లు మిషనుది.
సర్వో, మా తమ్ముడు సగంలో వదిలేసిన విమానానిది.
ఇరుసు పన్నెండు మిల్లీమీటర్లు,
చక్రం పద్నాలుగు.
మేనమామ చెప్పుల్లో పిల్లాడి కాలు.
పెరుగు డబ్బా కత్తిరించి చుట్టాను.

పళ్ళచక్రాలు రెండూ
మరీ దగ్గరైతే ఏడుస్తాయి,
మరీ దూరమైతే ఒకదాన్నొకటి నమిలేస్తాయి.
మధ్యన కాగితమంత సందు ఉండాలనేవాడు ఎర్నాల్దో.
చేతికందిన కాగితం నా జీతం చీటీ.
పళ్ళ మధ్య పెట్టి తిప్పాను.
ఓవర్‌టైము మీంచి, కోతల మీంచి
వంకర టింకరగా కొరుక్కుంటూ పోయింది.
ఈ నెల జీతాన్ని నమిలింది ఇదొక్కటే కాదులెండి.

ముక్కు ఒకరిది, మూతి ఒకరిది, నడక ఎవరిదో.
ముందు ఎడమ చెయ్యి కుడిదానికంటే
రెండు మిల్లీమీటర్లు పొడుగు,
అందుకే ఎడమకి లాగుతుంది.
రేడియో మీద బుల్లి మీట కుడికి జరిపితే
తిన్నగానే పోతుంది, అలక మాత్రం మానదు.
జాతి తెలియని వీధికుక్కని మేం కిల్త్రా అంటాం.
బండి నెత్తిన ఆ పేరే రాశాను
గోళ్ళరంగుతో.

ఆదివారం, ఎండిన వాగులో పందెం.
నెఫ్తాలీ బండికి
అట్టపెట్టె వాసన ఇంకా పోలేదు.
"నీది ఏ కంపెనీది?" అన్నాడు.
"ఏ ముక్క గురించి అడుగుతున్నావ్?" అన్నాను.

మొదటి చుట్టు ఆరో స్థానం. రెండో చుట్టుకి నాలుగు.
మూడో చుట్టులో దిబ్బెక్కి గాల్లోకి లేచింది.
గాల్లో ఉన్నంతసేపూ
అది ముక్కలు కాదు, ఒకటే బండి.
కిందపడ్డాక కూడా, చిత్రంగా, ఒకటే.

అప్పుడొచ్చింది పచ్చటి కుక్క.
ఎవరిదీ కాదు, అందరి రొట్టే తింటుంది.
బండిని నడుం దగ్గర కరుచుకుని
కూనని మోసుకుపోతున్నట్టు
ఉప్పునేల మీద ఒకటే పరుగు.
నా వేలింకా ట్రిగ్గరు మీదే ఉంది.
దాని నోట్లో చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి,
రేడియో అందే దూరం దాటేదాకా.

అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను, వెనకాలే పరిగెడుతూ.
ఈ ఎత్తులో ఊపిరి
రెండు పనులకి సరిపోదు.

గని మట్టిదిబ్బ నీడలో దొరికింది.
ముందుకాళ్ళ మధ్య బండి పెట్టుకుని పడుకుంది కుక్క.
నన్ను చూసి గుర్రుమనలేదు.
కొత్త సైకిలు చూపించే పిల్లాడిలా
తోకాడించింది.
విరిగిందేమీ లేదు,
వెనక కుడి టైరు మాత్రం
చుట్టూ పంటిగాట్లు, వంకర టింకరగా.
ఎక్కడో చూశాననిపించింది.

బస్సు దాకా వెంట వచ్చింది.
డ్రైవరు తలుపేశాడు.

పొద్దున్నే ఏడింటికి షిఫ్టు.
ఎవరి దగ్గరైనా ఒక టైరుందా,
అరచేతిలో పట్టేది?
ఏ కంపెనీదైనా ఫరవాలేదు.